బుధవారం నించి ఆడంగోడు

రాముడికి పద్నాలుగేండ్లు. పాండవులకు పన్నెండూ ఒకటీ కలిపి పదమూడు. కాళిదాసు యక్షుడికి మరీ తక్కువ, ఒక్క ఏడాది. మన కావ్యాల్లో ఇల్లు విడిచిపోయి ఏడ్చినవాళ్ళందరికీ ఒక గడువుంది. గడువు తీరినాక తిరిగిపోను ఒక ఊరుంది, ఊళ్ళో సింహాసనమో మేడో ఉంది. ఈ ఏడుపునే ప్రవాసమనీ, విరహమనీ, పోగొట్టుకున్న ఇంటి మీద బెంగ అనీ మనకు పాఠాలు చెప్తా వచ్చినారు. తెలుగు సారుగా నేను గూడా చెప్తా ఉండాను. జీతం తీసుకుంటా ఉండాను కాబట్టి చెప్పక తప్పదు.

జాషువా 1941లో 'గబ్బిలం' రాసి ఈ లెక్కను తలకిందులు చేసినాడు. యక్షుడి సందేశం మోయను మేఘం దొరికింది. అరుంధతీసుతుడికి దొరికింది గబ్బిలం. ఎందుకంటే గుళ్ళోకి పోగలిగిన ప్రాణి వాడి ఎరుకలో అదొక్కటే. వాణ్ణి ఎవరూ దేశం దాటించలేదు. పుట్టిన తావులోనే పరాయోడు. 1931లో అంబేద్కర్ గాంధీ ముఖం మీదనే తనకు స్వదేశం లేదన్నాడు. కారంచేడులో 1985 జూలైలో ఆరుగురిని చంపినాక మిగిలినోళ్ళు చీరాలకు పోయి అక్కడే ఉండిపోయినారు. చుండూరులో 1991 ఆగస్టులో ఎనిమిది మందిని నరికి గోతాల్లో కుక్కి కాలవలో వేసినాక మిగిలినోళ్ళు తెనాలి చేరినారు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టలు నించి గెంటేసిన ఐదుగురు పిలకాయలు టెంటు వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. మద్దూరి నగేష్‌బాబు 1990లలోనే తన కవిత్వానికి పెట్టుకున్న పేరది. కాబట్టి ప్రవాసం అనే మాట మీద ఈ దేశంలో మొదటి హక్కు మాది. పాలస్తీనా కవి మహ్మూద్ దర్వీష్ పుట్టిన ఊరు అల్ బిర్వా 1948లో నేలమట్టమయిందని చదివి మన సభల్లో కండ్లు తుడుచుకునేవాళ్ళకు ఈ సంగతి ముందు తెలియాల.

ఇంతదాకా చెప్తే మా అన్నలందరూ చప్పట్లు కొడతారు. ఇక్కడి నించి చెప్పబోయేదానికి కొట్టరు. వెలివాడలో నించి గూడా వెలి అయినోళ్ళుండారు. నేనొకణ్ణి.

మాది తిరుపతికి బస్సులో గంట దూరం. బడి బోర్డు మీద ఊరి పేరు తర్వాత ఏ.ఏ.డబ్ల్యూ. అని ఉంటుంది. ఆది ఆంధ్ర వాడ. పక్క ఊరి బడికి హెచ్.డబ్ల్యూ., హరిజనవాడ. నిండుగా రాస్తే బోర్డు చాలదేమో! మా నాయన పలక కొట్టేవాడు. మాయమ్మ సెనక్కాయలు పెరకను, చెరుకు నరకను పోయేది. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసినోణ్ణి నేనే మొదట. 2014 డీఎస్సీలో ఉద్యోగమొచ్చింది. పెండ్లి కాలేదు. కాదు గూడా. నా మనసు మగవాళ్ళ మీదికి పోతుంది. చిన్నప్పటి నించీ అంతే. ఈ వాక్యం ఇంత సులువుగా ఉందే అని మీకనిపించొచ్చు. ఇది రాసేదానికి నాకు ఇరవై ఏండ్లు పట్టింది.

మా పెద్దమ్మ బిడ్డ నాకంటే నాలుగేండ్లు పెద్ద. మగపిల్లోడని పేరు పెట్టి పెంచినారు. నేనిప్పుడు అక్కా అని పిలుస్తాను. ఆ పిలుపుతోనే రాస్తాను. మా జిల్లాలో ధర్మరాజుల గుళ్ళ కాడ ఏటా పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికత, రాత్రి వీధి నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు, కడాకు దుర్యోధనుణ్ణి పడగొడతారు, అగ్నిగుండం తొక్కుతారు. ఊళ్ళో భారతాన్ని మేము ఎడంగా కూచుని చూసేవాళ్ళం. చూసొచ్చి మా పల్లె మేళం మా వీధిలో ఆడేది. ఆడ వేషాలన్నీ మగోళ్ళవే. అక్క పద్నాలుగో ఏట ద్రౌపది కట్టింది. వస్త్రాపహరణం రోజు మా జేజి మొదలు పల్లె పల్లంతా ఏడ్చింది. చీర కొంగుకు పది రూపాయల నోట్లు గుచ్చినారు. తెల్లారి అదే నడకతో బోరింగు కాడికి నీళ్ళకు పోతే వాళ్ళన్నే చెరుకు గడ విరిగేదాకా కొట్టినాడు. రాత్రి నోటు గుచ్చినోళ్ళే నిలబడి చూసినారు. 'పొద్దున్నే ఈ ఆడంగి నడకేందిరా, సరిగ్గా నడువు' అన్నాడొక పెద్దాయన. పక్కనే తమిళ దేశం గదా, అక్కడి తిట్టు గూడా మాకు అందుబాటులో ఉంటుంది. 'ఒంబోదు' అన్నారు. తొమ్మిదో నంబరని. లెక్కల్లో మా వాళ్ళు వెనకబడినారని ఎవరన్నా అంటే నమ్మొద్దు.

ఈ తీరు మా పల్లెది మాత్రమే అనుకుని తిరుపతి పెద్దమనుషులు ఊపిరి పీల్చుకోవద్దు. తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడండి. మే నెలలో మంగళవారం రాత్రి చాటింపు. బుధవారం బైరాగి వేషం, గురువారం బండ వేషం, శుక్రవారం తోటి వేషం, శనివారం దొర వేషం, ఆదివారం మాతంగి వేషం, సోమవారం సున్నపు కుండలు, మంగళవారం జాతర. ఆడోళ్ళను చెరిచే పాలెగాడు దాక్కుంటే అవిలాలలో పెరిగిన గంగమ్మ రోజుకొక వేషంలో వెతికి చంపిందని కత. కైకాల ఇంటి మగోళ్ళు ఈ వేషాలు కడతారు. వాళ్ళతోబాటు ఊళ్ళో మగోళ్ళు ఎంతమందో, బ్యాంకులో పనిచేసేవాళ్ళు, ఆటోలు తోలేవాళ్ళు, కాలేజీ పిలకాయలు, చీర కట్టి, సవరం పెట్టి, మల్లెపూలు చుట్టి గుడికి పోతారు. మొక్కు. పెండ్లాలే కుచ్చిళ్ళు సర్దుతారు. అమ్మలే కాటుక దిద్దుతారు. ఆమె వెంకన్నకు చెల్లెలు గదా, కొండ మీద నించి సారె వస్తుంది. ఆ వారమంతా తిరుపతిలో మగోడు చీర కడితే చేతులెత్తి దండం పెడతారు. బుధవారం పొద్దున అదే చీరతో అదే వీధిలో ఎవడన్నా నడవమనండి చూస్తాం.

ఇంకో మాట. శుక్రవారం తోటి. ఆదివారం మాతంగి. ఎవరివయ్యా ఆ పేర్లు? తోటి మా తాత. మాతంగి మా జేజి. మా ఆడబిడ్డల్ని మాతమ్మకు విడిచే పాడు ఆచారం ఈ జిల్లాలో ఎంత పాతుకుని ఉందంటే, దాన్ని ఆపను 1988లో రాష్ట్రం చేసిన చట్టంలో బసివి, జోగినిలతోబాటు మాతమ్మ పేరు గూడా రాయాల్సి వచ్చింది. అంటే ఏడు రోజుల పండగలో నా కులమూ ఒక వేషమే, నా నడకా ఒక వేషమే. రెండూ వేరేవాళ్ళు ముచ్చటగా కట్టుకుని, పుణ్యం తీసుకుని, కడిగేసుకుంటారు. కడిగినా పోనిది మాకు మిగులుతుంది. జాతరను నేను తిట్టడంలేదు. నేనూ పోతాను. ఆ ఏడు రోజులే నేను ఊపిరి పీల్చుకునేది. కానీ జాతరను చూపించి 'మన సంస్కృతిలో వీళ్ళకు ఎంత గౌరవమో చూడండి' అని ఉపన్యాసాలిచ్చేవాళ్ళున్నారే, వాళ్ళతోనే నా తగువు. మే నెలలో చీర కట్టిన ఒకాయన జూన్లో బడి తెరవంగానే నా కాడికొచ్చి 'మావాడు ఆడపిల్లోళ్ళ పక్కనే కూచుంటాడు సార్, రెండు తగిలించండి' అన్నాడు. ఆ పిలగాడి చేత నేను ప్రార్థనలో పాట పాడించినాను. బాగా పాడతాడు.

భారతం పాఠం వచ్చినప్పుడు బృహన్నల కత చెప్పాల. ఊర్వశి శాపం, ఇంద్రుడు దాన్ని ఏడాదికి కుదించడం, అర్జునుడు పేడిగా విరాటుడి కొలువులో ఉత్తరకు నాట్యం నేర్పడం. అరణ్యవాసం, అజ్ఞాతవాసం, పేడి రూపం మూడూ ఒక్క మనిషిలో కలిసినాయి. ఇది దిగుమతి సరుకు అనేవాళ్ళు తిక్కన యాడి నించి దిగుమతి అయినాడో చెప్పాల. వానలు రాకపోతే మన ఊళ్ళల్లో విరాటపర్వం చదివిస్తారు. పేడి ఉన్న ఏడాది కత చదివితే చెరువు నిండుతుందంట! పేడి మాత్రం చెరువు గట్టు మీదికి రాకూడదు. అర్జునుడికయితే గాండీవం జమ్మిమాను మీద భద్రంగా ఉంది. ఆ మాను శ్మశానం పక్కన. ఎవరూ దగ్గరికి రాకుండా పీనుగను గూడా కట్టినారు. పిలకాయలు నవ్వుతారు. నాకు మాత్రం ఒకటే తడుతుంది, శ్మశానం పక్కన ఉండేది మా వాడ. వాళ్ళు ఏడాది ఆయుధాలు దాచుకున్న తావులో మేము తరాలుగా కాపురముండాము. గడువు తీరింది, అర్జునుడు మగోడయ్యాడు, రాజ్యమొచ్చింది. తీరని గడువు గురించి తిక్కన రాయలేదు. ఆయన పని గాదది. మా పని.

అక్క 2001లో రేణిగుంటలో రైలెక్కింది. బెంగళూరులో ఒక హమామ్ చేరింది. హమామ్ అంటే స్నానాల ఇల్లు. ముందర వేన్నీళ్ళు కాస్తారు, లోపల ఏం జరుగుతుందో చెప్పనక్కరలేదు. అక్కడొక గురువు, గురువుకు చేలాలు, వాళ్ళకొక ఇంటి పేరు. కులం పోయిందని మొదట్లో సంతోషపడిందంట. ఆ సంతోషం ఆరునెలలే. వంట గది కాడ ఎవరుండాల, కక్కసు ఎవరు కడగాల అనే కాడికొచ్చేసరికి తల్లి యాడిదో, తండ్రి పనేందో అడిగినారు. ఈ మాట ఆమె చెప్తే మా అన్నలు నవ్వుకుంటూ 'చూసినావా, అక్కడ గూడా కులమే' అన్నారు. వాళ్ళకు కావాల్సిన సగం విన్నారు. మిగతా సగం, ఆమె ఇంటి నించి పోవాల్సి వచ్చింది ఎవరి వల్ల అనేది, వినిపించలేదు.

పోయినోళ్ళు ఇల్లు మరిచిపోతారనుకుంటారు. అక్క పోయిన నాలుగో నెల నించి పెద్దమ్మకు డబ్బు పంపింది. కాలనీ ఇంటికి కప్పు కూలిపోతే మిద్దె వేయించింది. అన్న పెండ్లికి పంపింది. ఆ డబ్బు యాడి నించి వస్తుందో పల్లెలో అందరికీ తెలుసు. డబ్బుకు అంటులేదు. ఆమె మాత్రం రాత్రి పూట వచ్చి, తెల్లారేలోపల పోవాల. పండక్కి వస్తే లుంగీ కట్టుకుని రావాల. తమిళంలో ఎ. రేవతి జీవిత కత ఇంగ్లీషులో 2010లో వచ్చింది. పి. సత్యవతి దాన్ని 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగులోకి తెచ్చినారు, 2019 సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. రేవతి గూడా అంతే, ఎన్నిసార్లు ఇల్లు విడిచిందో అన్నిసార్లూ ఆ ఇంటికే తిరిగొచ్చింది. లివింగ్ స్మైల్ విద్య అని మన దళిత బిడ్డ, భాషాశాస్త్రంలో ఎమ్మే, ఆపరేషనుకు రైల్లో మన కడపకు వచ్చిన సంగతి తన పుస్తకంలో రాసింది. రాయలసీమ ఆమె కతలో అట్ల వచ్చి చేరింది. కడప కవులెవరూ ఆ సంగతి ఎత్తగా నేను వినలేదు.

పెద్దమ్మ 2022లో చచ్చిపోయింది. కబురు పోతే అక్క టాక్సీ మాట్లాడుకుని చీరతోనే వచ్చింది. పెద్దమనుషులు కూచున్నారు. మాలో పూడుస్తారు. పిడికెడు మన్ను కొడుకులు వేయాల. అక్క వేస్తానంది. చీర విప్పి పంచె కట్టుకుని, జుట్టు కత్తిరించుకుని వస్తే వేయనిస్తామన్నారు. 'అట్టయితే నేను ఆడబిడ్డనే, ఆడబిడ్డగా వస్తా' అంది. ఆడోళ్ళు బొంద కాడికి రాకూడదన్నారు. ఆడదానివయితే రాకూడదు, మగోడివయితే చీర కట్టకూడదు. నేను గట్టిగానే కొట్లాడినాను. 'నువ్వు సదువుకున్నోడివి, నీకెందుకీ మాడా తగువు' అన్నారు. అన్నవాళ్ళలో ఇద్దరు అంబేద్కర్ విగ్రహం కమిటీలో ఉండారు. విగ్రహానికి చందా పుస్తకం రాసింది నేనే.

అక్క మా వీధి మొదట్లో రాయి మీద కూచుని ఏడ్చింది. మా పల్లె ఆడోళ్ళ ఏడుపు మీరు విని ఉంటే తెలుస్తుంది, అది పాట. చచ్చినోళ్ళ గుణాలు వరసపెట్టి చెప్తా ఏడుస్తారు. అక్క సిమెంటు మూటలు లెక్కబెట్టి ఏడ్చింది. ఏ నెలలో ఎన్ని మూటలు తెప్పించిందో, కమ్మి ఎంతయిందో, బేల్దారికి ఎంతిచ్చిందో, కప్పు పోసిన రోజు పొట్టేలు కోసినారంటే తను రాలేకపోయిందో, అన్నీ. ఇసక ట్రాక్టరు రేటు గూడా చెప్పింది. ప్రతి లెక్క చివరా 'నువ్వు తడవలేదు గదమ్మా' అంటుంది. ఇల్లు పోగొట్టుకున్నోళ్ళ కవిత్వం నేను శానా చదివినాను. రశీదులతో సహా ఏడ్చిన కవిత్వం అదొక్కటే విన్నాను.

దాన్నే నేను కవితగా రాసి తిరుపతిలో ఒక సభలో చదివినాను. ఎవరి సభో చెప్పను. మూడు రకాల మాటలొచ్చినాయి. ఆ మూడిటికి జవాబు చెప్పనే ఈ వ్యాసం.

ఒక పెద్ద కవి 'ఇవన్నీ పట్నం పిల్లల ఫ్యాషన్లు' అన్నాడు. ఆయనకు జవాబు పైన తిక్కన కాడ చెప్పేసినాను.

రెండో మాట కొత్తగా వచ్చిన పట్నం మిత్రుడొకాయనది. మంచివాడు. ఇంద్రధనస్సు జెండా పట్టుకుని ఊరేగింపులకు పోయేవాడు. 'ప్రేమకు కులం లేదు బ్రదర్, మీ కవితలో కులం ఎక్కువైంది' అన్నాడు. ఈ మాట చెప్పినోడి కులం ఏందో మీరే ఊహించుకోండి. యూనివర్సిటీలో చదివేటప్పుడు నాకొక స్నేహితుడుండేవాడు. ఊరోడు, పొలమున్నోడు. మూడేండ్లు. రాత్రి నా చేతుల మీద నిద్రపోయినోడు పగలు మెస్సులో నా కంచంలో నించి ఒక్క ముద్ద తీసుకోలేదు. ఒళ్ళు కావాల, కంచం వద్దు. అతని పెండ్లి పత్రికకు పద్యం రాసిమ్మంటే రాసిచ్చినాను, ఆటవెలది. బాగుందని వాళ్ళ నాయన మెచ్చుకున్నాడంట. ఎవరు రాసినారో చెప్పలేదు. ప్రేమకు కులం లేదనేవాళ్ళు ఆ మెస్సులో ఒక పూట తిని మాట్లాడాల. పోగొట్టుకున్న ఇంటి గురించి వీళ్ళ కవితల్లో బాల్కనీ ఉంటుంది, అమ్మమ్మ చేతి కాఫీ ఉంటుంది, తాత పుస్తకాల బీరువా ఉంటుంది. ఉండనీ. వాళ్ళ బాధ అబద్ధం కాదు. కానీ మా బాధను వాళ్ళ బీరువాలో సర్దమంటే కుదరదు.

మూడో మాట మావాళ్ళది. దానికే నాకు కోపం, దానికే బాధ. 'తమ్ముడూ, మనకిప్పుడు కులం ముఖ్యం. ఇట్లాంటివి తెస్తే ఉద్యమం పలచబడుతుంది. శత్రువు నవ్వుతాడు.' అన్నా, ఈ మాట మీరు యాడ నేర్చుకున్నారో నాకు తెలుసు. ముందు వర్గం, విప్లవమొచ్చినాక కులం దానంతటదే పోతుందని కామ్రేడ్లు చెప్పినప్పుడు మీరేం జవాబు చెప్పినారు? ఆ జవాబులన్నీ 'చిక్కనవుతున్న పాట'లో, 'పదునెక్కిన పాట'లో అచ్చయి ఉండాయి. దళిత ఆడోళ్ళు మా సంగతేందని అడిగినప్పుడు గూడా ముందు కులమే అన్నారు. 'నల్లపొద్దు' రావాల్సి వచ్చింది. ఉపకులాల మాట ఎత్తితే ఐక్యత చెడిపోతుందన్నారు. 1994 జూలైలో ఈదుముడిలో దండోరా పుట్టింది, ముప్పై ఏండ్ల తర్వాత 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందంది. ప్రతిసారీ ఎవరో ఒకరు ఇంకొంచేపు వాకిట్లో కూచోండని చెప్పడం, కూచున్నోళ్ళు లేచి రావడం. ఇప్పుడు వాకిట్లో కూచున్నది మేము.

దండోరా నాకొక పని నేర్పింది. మాదిగ అనేది తిట్టుగా వాడతా ఉంటే, ఆ తిట్టునే పేరు చివర బిరుదు మాదిరి తగిలించుకున్నారు. బస్టాండులో, కోర్టులో, అసెంబ్లీలో ఆ పేరుతోనే పిలవాల్సి వచ్చింది. మా నాయన మొదటిసారి ఒక కరపత్రం మీద ఆ మాటను చదివించుకుని విన్నప్పుడు నడుం నిటారు చేసి కూచున్నాడు, నాకు గుర్తుంది. మరి ఆడంగి అనే మాటను నేను తగిలించుకుంటే ఎందుకు మీ ముఖాలు మాడిపోతాయి? బహుశా మగతనమనేది మీరు ఊరోళ్ళ కాడ నించి తెచ్చుకున్న అప్పు. మీసం మెలేస్తే కొడతారు, గుర్రమెక్కి పెండ్లికి పోతే కొడతారు. కాబట్టి మీసం మనకు గెలుపయింది. అది నాకు అర్థమవుతుంది. కానీ మీసం గెలవను మీసం లేనోడిని తన్నాలనా?

అద్దె ఇంటి సంగతి చెప్పకుండా ఇల్లు గురించి రాయకూడదు. తిరుపతిలో టులెట్ బోర్డు చూసి పోతే మొదటి ప్రశ్న 'మీరేమోళ్ళు?' దాన్ని ఎట్లనో దాటుకుంటే రెండో ప్రశ్న 'ఫ్యామిలీ యాడ?' మొదటి ప్రశ్న మా నాయనది, రెండోది నాది. రెంటికీ కలిపి ఒకే తలుపు మూసుకుంటుంది. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న నేను నేరస్తుణ్ణి కాదంది. 2023 అక్టోబరు 17న నా మాదిరోళ్ళకు పెండ్లి హక్కు లేదంది. అంటే జైలు తప్పింది, ఫ్యామిలీ రాలేదు. అంబేద్కర్ 1917లో బరోడాలో ఉద్యోగానికి పోయి, ఉండను ఇల్లు దొరక్క, పార్సీల సత్రంలో పార్సీ పేరుతో దిగినాడు. పదకొండో రోజున కట్టెలు పట్టుకుని వచ్చి గెంటేసినారు. తోటలో చెట్టు కింద కూచుని ఏడ్చినాడు. ఆ కత చదివినప్పుడల్లా నాకు ఆ కట్టెల కంటే ముందరి పది రోజులు గుర్తొస్తాయి. పేరు దాచుకుని, ఎవరన్నా మెట్లెక్కితే గుండె ఝల్లుమంటా, చీకటి గదిలో పుస్తకం చదువుకుంటా గడిపిన పది రోజులు. నాకు ఆ పది రోజులు ముప్పై ఏండ్లు. మా అన్నలు అంబేద్కర్ని ఇంట్లో పటం కట్టుకున్నారు గాని ఆ పది రోజుల అంబేద్కర్ని గుర్తుపట్టలేదు.

చట్టాలు రాలేదా అంటే వచ్చినాయి. నిజాం కాలంలో 1919లో చేసిన హిజ్రాల చట్టం, ఆడబట్టల్లో బజారులో కనబడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చని రాసింది, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా పుస్తకాల్లో ఉండింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను సామాజికంగా వెనకబడినవాళ్ళుగా చూసి రిజర్వేషన్ ఇమ్మంది. సంతోషమే. కానీ మా అక్క ఎస్సీనా, వెనకబడిన తరగతా? ఒక గడి నింపితే ఇంకో గడి పోతుంది. అందుకే తమిళనాడులో గ్రేస్ బాను, దళిత ట్రాన్స్ ఆడబిడ్డ, ప్రతి కోటాలోనూ అడ్డంగా వాటా కావాలని కొట్లాడతా ఉంది. ఆ డిమాండు మన సభల తీర్మానాల్లో ఎందుకు లేదు? మన రాష్ట్రంలో 2024 జూలై నించి పింఛను నాలుగు వేలయింది. ఆ జాబితాలో డప్పు కళాకారులూ ఉండారు, ట్రాన్స్‌జెండర్లూ ఉండారు, చెప్పులు కుట్టేవాళ్ళూ ఉండారు. ఆ లిస్టు టైపు చేసిన గుమాస్తాకు తెలియకుండానే మా ఇంటోళ్ళందరినీ ఒక కాగితం మీదికి తెచ్చినాడు. కవిత్వ సంకలనాలు చేసేవాళ్ళకు ఆ మాత్రం గూడా చేతగాలేదు.

ఇంతకూ ఇల్లు మీద బెంగ ఉందా లేదా అని అడుగుతారు. కొట్టిన ఇల్లు, గెంటిన పల్లె, దాని మీద బెంగేంది అని. ఉంది. మాయమ్మ సంగటి గెలికే చప్పుడు మీద ఉంది. పలకను నిప్పు సెగకు కాచేటప్పుడు వచ్చే తోలు వాసన మీద ఉంది. మా పల్లె మేళం మళ్ళీ కడితే ద్రౌపది వేషం చూడాలని ఉంది. వెలివాడను తిట్టే హక్కు ఊరికి లేదు. ఆ హక్కు నాకుంది, అక్కకుంది. ఎందుకంటే దాన్ని మేము కావాలంటా ఉండాము. దీన్ని అర్థం చేసుకోలేక కొందరు 'నీ కవిత దళితవాడను చెడ్డగా చూపిస్తా ఉంది' అన్నారు. మంచిగా చూపించను అది టూరిజం బోర్డా?

అక్క ఇప్పుడు బెంగ పడటం మానేసి అర్జీలు పెడతా ఉంది. పెద్దమ్మ పేరు మీద కాలనీ ఇంటి పట్టా ఉంది, మూడు సెంట్లు. 2019 చట్టం 12వ సెక్షన్‌లో, కన్నవాళ్ళుండే ఇంట్లో ఉండే హక్కు ట్రాన్స్‌జెండర్లకుందని, ఆ ఇంటి నించి వాళ్ళను వెలేయకూడదని రాసింది. చూసుకోలేమంటే కోర్టు పునరావాస కేంద్రానికి పంపుతుందని గూడా అదే సెక్షన్ రాసింది, అది వేరే తగువు. కన్నవాళ్ళు చచ్చిపోతే? వారసుల కాగితం కావాల. రేషన్ కార్డులో ఉండేది పాత పేరు, మగ పేరు. కలెక్టరు సర్టిఫికెట్టులో ఉండేది కొత్త పేరు. ఆఫీసులో 'ఈ పేరుగల మనిషి ఈ కుటుంబంలో లేదు' అని రాసిచ్చినారు. వాళ్ళన్న 'నాకు తమ్ముడే గాని చెల్లెలు లేదు, తమ్ముడు యాడికో పోయినాడు' అని రాసిచ్చినాడు. కప్పు కింద కాపురముండేది ఆయనే.

ఈ రెండు పేర్లూ ఒక మనిషివేనని, చిన్నప్పటి నించి ఎరుగుదునని, ఆ కప్పు ఎవరి డబ్బుతో వేసిందో తెలుసునని నేను అఫిడవిట్ ఇచ్చినాను. నా పేరు, తండ్రి పేరు, కులం, ఉద్యోగం, పనిచేసే బడి అన్నీ రాయాల్సి వచ్చింది. అభ్యర్థికి మీరేమవుతారు అనే గడిలో తమ్ముడు అని రాసినాను. ఈ సంకలనం చేసేవాళ్ళు 'పేరు మార్చి వేద్దామా, ఉద్యోగస్తుడివి గదా' అని మంచికే అడిగినారు. అఫిడవిట్‌లో ఉన్న పేరే వేయమన్నాను. రెండో అర్జీ ఈ మార్చిలో పెట్టినాము. అక్క సిమెంటు కొన్న రశీదులు పదకొండు దొరికినాయి, జతచేసినాము.